ఒంటి మీది పాలు

మా తోడికోడలు షెల్బీ డ్రెస్సు జిప్పు సర్రున మెడ దాకా వెళ్ళింది. నాది నడుం దగ్గరే మొరాయించింది. మార్చి మొదటి గురువారం, నెట్‌బాల్ క్లబ్బు గదిలో ఇద్దరం ఒకే అద్దం ముందు నిలబడి ఉన్నాం. ఇద్దరం జనవరిలోనే, తొమ్మిది రోజుల తేడాతో కన్నాం. నాకు ఆడపిల్ల, విన్నీ. తనకి మగపిల్లాడు, ఆర్లో. ఇద్దరం మా పాలే పడుతున్నాం. మరి దేవుడు ఒకదాని నడుం దానికి తిరిగిచ్చేసి, రెండోదాని సంగతి ఎందుకు మర్చిపోయాడో నాకర్థం కాలేదు.

“ఊపిరి బిగబట్టు, టెగ్,” అంటూ షెల్బీ వెనక నుంచి నా జిప్పు పట్టుకుని లాగింది. అది ఇంకో అంగుళం పైకొచ్చి ఆగిపోయింది. “పోన్లే, గుడ్డే ముడుచుకుపోయి ఉంటుంది. ఈ క్లబ్బువాళ్ళు అన్నీ వేడినీళ్ళలో పడేసి ఉతుకుతారు.”

జాలిపడి అబద్ధమాడింది. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది.

మా మెర్సర్ ఫ్లాట్ జట్టులో ఏడేళ్ళుగా గోల్ అటాక్‌ని నేను, అంటే ఇనుప రింగులోకి బంతి వేసేదాన్ని. జి, ఏ అని ఆ చోటుకి గుర్తుగా రెండక్షరాలున్న గుడ్డ, ఆ బిబ్బు, గుండెల మీద అంటించుకుంటేనే నాకది శనివారం. షెల్బీ మా మరిదిని చేసుకుని ఈ ఊరొచ్చి మూడేళ్ళే అయింది. పక్కన పరుగెత్తి బంతి అందించడం తన పని, గోలు వెయ్యడం నా పని. కోచ్ రోండా ఆ బిబ్బు తీసి నాకివ్వబోయి, నన్నోసారి పై నుంచి కింది దాకా చూసి, షెల్బీ చేతిలో పెట్టింది.

“నువ్వు కోలుకునేదాకానే, టెగన్. తొందరేం లేదు. చంటిబిడ్డ తల్లివి.”

“తనేమన్నా బిడ్డని సంతలో కొనుక్కొచ్చిందా?” అన్నాను.

అందరూ నవ్వారు. షెల్బీ అందరికంటే గట్టిగా నవ్వింది. నేను జోకెయ్యలేదని ఒక్కరికీ తట్టలేదు.

ఇంటికొచ్చాక బాగా ఏడ్చాను. పిల్లని ఒళ్ళో పెట్టుకుని, పాలిస్తూ ఏడ్చాను. అప్పట్లో పాలకేం లోటు లేదు. విన్నీ గుటకలు వేస్తుంటే పక్కగదిలోకి వినపడేది.

టాస్మేనియాలో మా మూలనంతా పాడే. మాకు మూడొందల ఇరవై ఆవులు. పొలానికి ఈ చివర నేనూ, మా ఆయన డీనూ. ఆ చివర షెల్బీ, మరిది కేడ్. మిట్ట మీద మా అత్తగారు మెర్ల్. ఆదివారం మధ్యాహ్నం భోజనం అందరికీ మెర్ల్ ఇంట్లోనే. ఆవిడ గొర్రెతొడ ఓవెన్లో పెట్టిందంటే వాసన పాలషెడ్డు దాకా వచ్చేది.

ఆ నెలాఖరు ఆదివారం నేను షెల్బీ కంచం వంకే చూస్తూ కూర్చున్నాను. నాలుగు బంగాళాదుంపలు, మాంసం, గుమ్మడికాయ, వాటి మీద గ్రేవీ. గ్రేవీ తుడుచుకు తినడానికి వెన్న రాసిన రొట్టె. ఆ తర్వాత రెండుసార్లు పుడ్డింగు, మీద మీగడ. ఆర్లో ఒక రొమ్ము తాగుతుంటే రెండోవైపు చొక్కా తడిసిపోతోంది. పిండినవి దాచడానికి ఫ్రీజర్లో చోటు లేక బఠాణీలు బయటికి తీసేశానంది. మనిషి మాత్రం మేకపిల్లలా ఉంది. నేనేమో ఒక దుంప తిని, రెండోది ఫోర్కుతో ఆ పక్కకీ ఈ పక్కకీ దొర్లిస్తున్నాను.

మా మగాళ్ళు నెలకోసారి ఆవుల వెనక నడిచి, తుంటి ఎముకలూ తోక మొదలూ చూసి, ఒంటికి మార్కులు వేస్తారు. ఒకటి నుంచి ఎనిమిది దాకా. ఒకటంటే ఎముకల గూడు, ఎనిమిదంటే కదల్లేని కొవ్వు. ఆ పొద్దున్నే ఆ పని చేసొచ్చారేమో, కేడ్‌కి నోరు దురద పెట్టింది.

“మా షెల్బీకి నాలుగున్నర వేస్తాను. దీనికి ఇంకా దాణా పెంచాలి,” అన్నాడు.

“అయితే మా టెగ్‌కి ఆరున్నర,” అన్నాడు మా ఆయన, నోట్లో దుంప పెట్టుకుని. “చలికాలం ఎంత గట్టిగా వచ్చినా మాకు ఢోకా లేదు.”

పాత్రలు అదిరేలా నవ్వారు. నేనూ నవ్వాను. అది ఎలా నవ్వానో నాకే తెలుసు.

“నోళ్ళు ముయ్యండి ఇద్దరూ,” అంది మెర్ల్. “మీ నాన్నా ఇలాగే నాకోసారి ఏడు వేశాడు. వారం రోజులు ఆయన వంట ఆయనే చేసుకున్నాడు.”

డీన్‌కి నా మొహం అప్పటికి కనపడింది. సర్దబోయి అసలైన చేటు చేశాడు. “ఏయ్, అది మంచిదేగా! మంచి ఆవు ఒంటి మీది నుంచే పాలిస్తుంది. కొత్తగా ఈనిన ఆవుకి మేసింది పాలకి చాలదు. తక్కువైనదంతా ఒంట్లోంచి తీసి పొదుగులో పోస్తుంది. చూస్తుండగానే సన్నబడుతుంది. నీదీ అలాగే దిగిపోతుంది చూడు.”

పాడిలోనే పుట్టి పెరిగినదాన్ని, ఆ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ ఆ పూట అది నాకు కొత్తగా వినపడింది. ఒంటి మీద నా దగ్గర కావలసినంత ఉంది. పాలు దాంట్లోంచి వచ్చేట్టయితే ఇక మేత దేనికి? రెండో దుంప కంచంలోనే వదిలేసి లేచాను.

మర్నాటి నుంచి పొద్దున ఒక కప్పు పాలు లేని టీ. మధ్యాహ్నం రెండు ఎండు బిస్కట్లు, సగం యాపిల్. సాయంత్రం డీన్ ఎదురుగా కూర్చుని, కంచంలో పెట్టుకుని, అతను టీవీ వైపు తిరగ్గానే సగం కుక్కకి వేసేదాన్ని. మా కుక్క డస్టీ ఆ రెండు నెలల్లో బాగా ఒళ్ళు చేసింది. రోజూ విన్నీని బండిలో వేసుకుని ఆవుల దారి వెంట గేటు దాకా రెండుసార్లు నడిచేదాన్ని. కడుపు కాలుతుంటే షెల్బీని తలుచుకునేదాన్ని. అదేం మందో గానీ ఆకలి చచ్చిపోయేది.

మొదటి వారం కిలోన్నర. రెండో వారం ఇంకో రెండు. ఏప్రిల్ చివరికి జిప్పు రెండు భుజాల మధ్య దాకా వచ్చింది. క్లబ్బులో ఆడవాళ్ళు చుట్టూ చేరి “ఏం చేశావే? మాకూ చెప్పవే!” అంటుంటే నేను చూసింది షెల్బీ మొహం వంకే. అందులో రవ్వంత కుళ్ళు కనపడితే చాలు, నా ఆకలి తీరిపోయేది.

“భలే ఉన్నావు, టెగ్!” అని వాటేసుకుంది. ఆ మాట మనసులోంచే అంది. నాకది నిరాశే.

విన్నీ మాత్రం మారింది. రొమ్ము పట్టుకునేది, రెండు నిమిషాలు తాగి వదిలేసి, వీపు విల్లులా వంచి ఏడ్చేది. గాలి చేరిందన్నాను. పళ్ళొస్తున్నాయన్నాను, మూడు నెలల పిల్లకి. రొమ్ము బాగా నిండాక ఇస్తే కడుపునిండా తాగుతుందిలే అని నాలుగేసి గంటలు ఆపడం మొదలుపెట్టాను. మధ్యలో ఏడిస్తే నోట్లో రబ్బరు పీక. తర్వాత తర్వాత ఏడుపూ తగ్గింది. ఎక్కువసేపు నిద్రపోయేది. “మా పిల్ల ఎంత బుద్ధిమంతురాలో,” అని అందరితో చెప్పుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మే రెండో వారం పిల్లల నర్సు ఫిలిపా దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్ళాం. షెల్బీ కారులో. ముందు ఆర్లోని తూచింది. వాడు తక్కెట్లో కాళ్ళు ఆడిస్తూ, నర్సు కళ్ళజోడు లాగుతూ, ఏడు కిలోలు దాటేశాడు. తర్వాత విన్నీ. ఫిలిపా ఓసారి తూచింది. బట్టలన్నీ తీయించి మళ్ళీ తూచింది. పుస్తకంలో ఎదుగుదల గీత మీద చుక్క పెడుతుంటే ఆవిడ పెన్ను కాసేపు గాల్లోనే ఆగింది. అంతకుముందు చుక్కలన్నీ గీత మీద బుద్ధిగా ఎక్కుతున్నాయి. ఈ చుక్క కింద పడిపోయింది.

“నెలలో తొంభై గ్రాములే, టెగన్. ఈ వయసుకి అంతకు ఆరేడింతలు రావాలి. రోజుకి ఎన్నిసార్లు పాలిస్తున్నావు?”

“అడిగినప్పుడల్లా.”

“నువ్వేం తింటున్నావు?”

“అన్నీ.”

“ఒళ్ళు బాగా తగ్గించావే. ఎంత తగ్గావు?”

“చూసుకోలేదు,” అన్నాను. తొమ్మిది కిలోల రెండొందల గ్రాములు. ఆ పొద్దున్నే చూసుకున్నాను.

ఫిలిపా కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. “తగ్గాలనుకోవడం తప్పేం కాదు. పాలిస్తూనే తగ్గొచ్చు. కానీ వారానికి అరకిలో మించకూడదు. మూడు పూటలా తింటూ, మధ్యలో కూడా తింటూ, దాహమేసినప్పుడల్లా నీళ్ళు తాగుతూ, నడుస్తూ. అది నెమ్మదిగానే దిగుతుంది, దిగనీ. పాలు నిండేదాకా ఆగకు. పిల్ల తాగినకొద్దీ వస్తాయి, ఆపితే ఆగిపోతాయి. రెండేసి గంటలకి ఇవ్వు. వచ్చే గురువారం మళ్ళీ తీసుకురా. అప్పటికీ పెరగకపోతే పైపాలు పట్టాల్సిందే. ఈలోగా పిల్ల మరీ మత్తుగా ఉన్నా, తడిపే గుడ్డలు తగ్గినా ఆరోజే ఫోన్ చెయ్యి.”

బయటికొచ్చాక కారు దగ్గర షెల్బీ గొంతు తగ్గించి అంది, “టెగ్, నా ఫ్రీజర్ నిండా ఉన్నాయి. నీకు కావాలంటే—”

“నాకేం కర్మ? నా పిల్లకి నా పాలున్నాయి,” అన్నాను.

దారంతా వెనక సీట్లో ఆర్లో ఒక్కడే తనలో తాను ఏదో కబుర్లు చెప్పుకున్నాడు.

ఫిలిపా చెప్పిందాంట్లో సగం చేశాను. రెండేసి గంటలకి పాలిచ్చాను. తిండి మాత్రం తినలేదు. ఎందుకంటే ఆ శనివారం ఆటకి రోండా బిబ్బు నాకిస్తానంది, సగం ఆట అయ్యాక. మూడ్రోజులే కదా, ఆట అవగానే తింటాను అనుకున్నాను. తల్లినై ఉండి అలా ఎలా అనుకున్నావని అడగకండి. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నదానికి ఎదురుగా ఉన్నది కనపడదు.

మాకు మే అంటే చలికాలం మొదలు. శనివారం చలిగాలి కోస్తోంది. మొదటి సగం షెల్బీ ఆడింది. బాగానే ఆడింది, నేనే చప్పట్లు కొట్టలేదు. తర్వాత తను బిబ్బు పీకి నాకిచ్చింది. లోపల ఇంకా వెచ్చగా ఉంది. పిల్లలిద్దరూ గీత అవతల మెర్ల్ దగ్గర ఉన్నారు.

మొదటి గోలు పడింది. రెండోదీ పడింది. కాళ్ళు తేలిపోతున్నాయి, కళ్ళ ముందు చుక్కలు తిరుగుతున్నాయి, అయినా ఏడేళ్ళుగా నాదైన చోట నేనున్నాను. విన్నీ ఏడుపు వినపడుతూనే ఉంది. ఆ ఏడుపుకి రొమ్ముల్లో చురుక్కుమనాలి, పాలు చేపుకు రావాలి. ఏమీ రాలేదు. డ్రెస్సు పొడిగా ఉంది. మంచిదే, మరక పడదు అనుకున్నాను.

మూడోసారి బంతి చేతికొచ్చింది. గోలుకి ఎదురుగా, చేతికందేంత దూరంలో ఉన్నాను. అప్పుడు ఏడుపు ఆగింది.

తల తిప్పాను. షెల్బీ మడతకుర్చీలో కూర్చుని ఉంది. భుజాల మీద కోటు. కోటు కింది నుంచి పసుపుపచ్చ మేజోడు ఒకటి వేలాడుతోంది, మెర్ల్ అల్లినది, విన్నీది. గుటక గుటకకీ ఆ కాలు చిన్నగా కదులుతోంది. ఆర్లో మెర్ల్ ఒళ్ళో ఉన్నాడు.

ఈల మోగింది. మా ఆటలో బంతి మూడు సెకన్లకి మించి చేతిలో ఉంచుకోకూడదు. నేను ఎంతసేపు పట్టుకుని నిలబడ్డానో నాకు తెలియదు. బంతి అవతలి జట్టుకి ఇచ్చేశారు.

ఆట అయ్యాక కారు దగ్గర పట్టుకున్నాను షెల్బీని. “నా పిల్లకి నీ పాలు ఎవరివ్వమన్నారు?”

“ఆకలేసింది, టెగ్.”

“నన్ను పిలవొచ్చుగా!”

“ఆటలో ఉన్నావుగా. పీక నోట్లో పెట్టాను, ఉమ్మేసింది. వేలు చీకేస్తోంది, చూడలేకపోయాను. మెర్ల్‌ని అడిగాను కూడా.”

“నా చోటు చాల్లేదా నీకు? నా బిబ్బు చాల్లేదా? ఇప్పుడు నా పిల్ల కూడా కావాలా?”

షెల్బీ కారు తలుపు వదిలి నా వైపు తిరిగింది. “బిబ్బేమిటి?” అంది. నటన కాదు. దానికి నిజంగానే అర్థం కాలేదు. రెండు నెలలుగా నేను ఒక్కదాన్నే ఆడుతున్న పోటీ అది.

ఇంటికెళ్ళే దారిలో విన్నీ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. పిడికిళ్ళు విప్పేసి, నోరు తెరిచి. ఆ నిద్రకీ, నేను బుద్ధిమంతురాలని మురిసిన నిద్రకీ తేడా నాకప్పుడు తెలిసింది. ఎత్తుకుంటే మూతి దగ్గర నాది కాని పాలవాసన వచ్చింది. మొహం కడిగేశాను. ఆదివారం భోజనానికి తలనొప్పి అని చెప్పి వెళ్ళలేదు.

మంగళవారం ఆవుల పాలు ఆపే రోజు. మా దగ్గర మే నెలాఖరుకి చూడి ఆవులన్నిటికీ పాలు మాన్పించి, మళ్ళీ ఈనేదాకా విశ్రాంతినిస్తాం. ఆ పని ఎప్పుడూ మెర్ల్ చేతుల మీదుగానే నడుస్తుంది. ఇంటిల్లిపాదీ షెడ్డుకి రావాల్సిందే, షెల్బీ ఒక్కతే ఆ పూట ఆర్లోతో ఇంట్లో ఉండిపోయింది. కేడ్ ఆవుల్ని తోలుకొస్తాడు, డీన్ ఆఖరిసారి పితుకుతాడు, మెర్ల్ చన్నుల్లో వాపు రాకుండా మందు ఎక్కిస్తుంది, మందు పడిన ఆవుని మళ్ళీ పితక్కుండా గుర్తుగా వెనక్కాలి మీద నేను ఎర్రరంగు కొడతాను. విన్నీ బండిలో, చలి తగలని మూల ఉంది.

పదిన్నరకి ఎనభైయెనిమిదో నంబరు వచ్చింది. దాన్ని మెర్ల్ డచెస్ అని పిలుస్తుంది. నున్నగా, పీపాలా ఉంది. పొదుగు మాత్రం ఖాళీ సంచిలా వేలాడుతోంది.

“ఇదేంటి మెర్ల్, ఇంత కొవ్వు పెట్టుకుని పాలివ్వడం లేదా?” అన్నాను. “ఒంటి మీది నుంచి ఇవ్వాలిగా?”

మెర్ల్ నా వంక చూడలేదు. డచెస్ చన్ను తుడుస్తూనే ఉంది. “వారం రోజుల నుంచి పచ్చమేత తీసేశాంగా. ఒట్టి ఎండుగడ్డి. రోజుకి ఒక్కపూటే పితుకుతున్నాం. పాలు ఆపాలంటే ఇంకేం చేస్తారు?”

“ఒంటి మీద ఉందిగా మరి?”

“ఒంటి మీద ఎంతుంటే ఏంటి, పిల్లా? కడుపునిండా మేసే ఆవే ఒంటి మీది కూడా తీసి ఇస్తుంది. మేత మాన్పించి, పితకడం తగ్గించావనుకో, కరువొచ్చింది కాబోలు అనుకుంటుంది. ముందు పాలు ఆపేస్తుంది. ఎంత మంచి ఆవైనా అంతే.” మందు ఎక్కించి, డచెస్ వీపు తట్టింది. “రంగు కొట్టు.”

నేను కొట్టలేదు. డబ్బా చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మేత తగ్గించాను. పూటలు తగ్గించాను. మూడొందల ఇరవై ఆవులకి ఏటా ఏం చేస్తామో, చిన్నప్పటి నుంచి నా చేతులతో నేనేం చేస్తున్నానో, అదే నాకు చేసుకున్నాను. ఒక్క రోజు తేడా లేకుండా, దగ్గరుండి.

మెర్ల్ చేతితొడుగులు ఊడదీసి, అరుగు మీది డబ్బాలోంచి శాండ్‌విచ్ తీసింది. చీజూ, పచ్చడీ, వేలెడు మందాన వెన్న. నా చేతిలో రంగుడబ్బా లాక్కుని అది పెట్టింది. “తిను,” అంది. నేను తింటుంటే డచెస్ కాలికి తనే రంగు కొట్టింది. రెండోది తీసి ఇచ్చింది. అదీ తిన్నాను. ఏడుస్తూ తిన్నాను, ముక్కు కారుతూ తిన్నాను. అవతల యంత్రం దగ్గర డీన్ ఒకసారి చూసి, తల తిప్పుకున్నాడు.

“అయ్యాక ఆ చివరింటికి వెళ్ళు,” అంది మెర్ల్. “నేను పంపానని చెప్పకు. నీ అంతట నువ్వు వెళ్ళు.”

విన్నీని గుండెలకి కట్టుకుని పొలం అడ్డంగా పడి నడిచాను. ఆ గడ్డిలో అంత బరువైన అడుగులు నేనెప్పుడూ వెయ్యలేదు. షెల్బీ తలుపు తీసింది, ఒక చేతిలో ఆర్లో, ఇంకో చేతిలో వెన్న రాసిన టోస్టు. ఎప్పుడు చూసినా తింటూనే ఉంటుంది.

“పాలు కావాలి,” అన్నాను.

“ఎన్ని?”

అంతే. ఎందుకని అడగలేదు, నేను చెప్పానుగా అనలేదు. పిల్లాణ్ణి నా చంకలోకి తోసి, ఫ్రీజర్ తలుపు తీసింది. లోపల పాలసంచులు ఇటుకల్లా పేర్చి ఉన్నాయి, ఒక్కోదాని మీద తేదీ. అన్నీ ఐసుపెట్టెలోకి ఎత్తింది. “ఫిలిపాకి చెప్పి పట్టు. ముందు నీది ఇవ్వు, తర్వాత ఇది,” అంది. “ఓట్సు జావ చేశాను, తాగిపో. నేను రోజుకి రెండు గిన్నెలు తాగుతాను. ఆ ఆకలేంటో టెగ్, గేదె ఆకలి! నాకే సిగ్గేస్తుంది.”

గురువారం ఫిలిపాకి నిజం చెప్పాను, కుక్క సంగతితో సహా. ఆవిడ తిట్టలేదు. రెండేసి గంటలకి నా రొమ్ము, ఆ తర్వాత షెల్బీ పాలు, ఆ తర్వాత మళ్ళీ నేను పిండుకోవడం. మూడు పూటలా భోజనం. మా ఆయన టోస్టుకి వెన్న గోడకి సున్నం వేసినట్టు పూసి, నేను తినేదాకా ఎదురుగా నిలబడేవాడు.

“ఆరోజు ఆరున్నర అన్నాను చూడు,” అన్నాడోసారి, టోస్టు వంక చూస్తూ. “తప్పయింది.”

“ఇప్పుడెంత?”

“ఇక ఆవులకి తప్ప ఎవరికీ వెయ్యను.”

ఒక్కో సంచి వేడినీళ్ళ గిన్నెలో కరుగుతుంటే పక్కన నిలబడి చూసేదాన్ని. మీద పసుపుపచ్చటి మీగడ కట్టేది. అంత చిక్కటి పాలు. అసూయ పోయిందని చెబితే అబద్ధం. ఒక్కో సంచికీ కొత్తగా పుట్టేది. కానీ విన్నీ తాగేది, దాని మెడ దగ్గర మడతలు మళ్ళీ వచ్చేవి. రోజుకి ఆరు సంచులు నాలుగయ్యాయి, నాలుగు రెండయ్యాయి. పుస్తకంలో చుక్క గీత వైపు పాకింది. నా జిప్పు మళ్ళీ కిందికి దిగింది. రోండాని అడిగి పెద్ద సైజు డ్రెస్సు తీసుకున్నాను. దాంతో పాటు బెంచీ మీద చోటు.

జూన్ చివరి శనివారం. సన్నగా జల్లు పడుతోంది. షెల్బీ ఆటలో ఉంది, ఆ రెండక్షరాలూ గుండెల మీద పెట్టుకుని. మెర్ల్ టీకని క్యాంటీన్ వైపు వెళ్ళింది. విన్నీ నా దగ్గర కడుపునిండా తాగి బండిలో నిద్రపోతోంది. పక్క బండిలో ఆర్లో లేచాడు. మూతి తిప్పాడు, గుక్కపట్టాడు.

చురుక్కుమంది. రెండు రొమ్ములూ ఒక్కసారి బిగుసుకుని, పాలు చేపుకొచ్చి, కొత్త డ్రెస్సు ముందుభాగమంతా తడిసిపోయింది. నా పిల్ల ఏడుపుకి కాదు, షెల్బీ పిల్లాడి ఏడుపుకి. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎత్తుకున్నాను. వాడు నా మొహం వంక అనుమానంగా చూసి, తల్లి కాదని తెలిసీ, ఆకలి ఆగక పట్టుకున్నాడు. వాడి గుటకలు నాకు వినపడ్డాయి.

ఏడుపు ఆగింది. కోర్టులో షెల్బీ చేతిలో బంతి ఉంది, గోలుకి ఎదురుగా. గిరుక్కున తల తిప్పింది.

ఒకటి, అని లెక్కపెట్టాను. షెల్బీ కళ్ళు నా ఒడిలోకి వచ్చాయి. రెండు. మొహంలో ఏం కదులుతుందా అని నేను రెప్ప వెయ్యకుండా చూశాను. చూడాలనే చూశాను. మొహమంతా విప్పారింది. “కానియ్, కానియ్” అన్నట్టు గడ్డం ఎగరేసి, గోలు వైపు తిరిగి, బంతి వదిలింది. ఇనుప రింగుకి తగలకుండా లోపలికి పడింది.

దానికి నా మీద రవ్వంత కూడా అసూయ లేదు. అప్పుడూ లేదు, ఎప్పుడూ లేదు. ఆర్లోని రెండో రొమ్ముకి మార్చుకుని, జల్లులో కూర్చుని, ఆ ఒక్కదానికీ మళ్ళీ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.